అమ్మమ్మ మాట, బ్రౌను నిఘంటువు

చెరకు తోటలకు ఒప్పందపు కూలీలుగా వెళ్ళిన మన పూర్వులు తమ వెంట తీసుకొనిపోయినది ముఖ్యంగా నోటి తెలుగు. మారిషస్ నుండి, నేటాలు నుండి బ్రిటనుకు వచ్చి స్థిరపడిన మనలో చాలమంది భజన పాటలను ఇంగ్లీషు, ఫ్రెంచి అక్షరాలలో వ్రాసుకొని పాడుతున్నాము. పాట నిలిచింది, అర్థం జారిపోతున్నది. తెలుగును స్వయంగా చదువుకొనేందుకు ఇంటర్నెట్టులో ఉన్న సాధనాలను ఇక్కడ వివరిస్తాము.

జపాను భాష నేర్చుకొనేవారికి ఇటువంటి ఏర్పాటు బాగా ఉన్నది. ఆ భాషలో మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు. చీనా నుండి వచ్చిన అక్షరాలను చూసి ఉచ్చారణ పోల్చుకోవడం కష్టం. తెరమీద మాటను చూపితే చాలు, ఉచ్చారణ, అర్థం రెండూ కనిపిస్తాయి. మన కష్టం వేరు. అక్షరాలు వస్తే ఏ మాటనైనా పలకగలము. కాని అర్థం ప్రత్యయాల వెనుక దాగి ఉంటుంది.

అక్షరాలు రానివారికి మొదటి మెట్టు 'అక్షరముఖ'. స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసిన వినోద్ రాజన్ దీనిని తయారుచేశారు. తెలుగు వాక్యాన్ని ఇంగ్లీషు అక్షరాలలోకి మారుస్తుంది. మనం మామూలుగా వ్రాసుకొనే పద్ధతిలో కల, కళ ఒకే విధంగా కనబడతాయి. ఇది చుక్కలు, గీతలు పెట్టి వాటిని వేరుచేస్తుంది.

రెండవ మెట్టు నిఘంటువు. చికాగో విశ్వవిద్యాలయంవారు బ్రౌను నిఘంటువు 1903 ముద్రణను, గ్విన్ 1991లో ప్రకటించిన నిఘంటువును అందరికీ ఉచితంగా అందుబాటులో ఉంచారు. అయితే 'ఇంటికి' అన్న మాటను 'ఇల్లు' వద్ద, 'వచ్చాను' అన్నదానిని 'వచ్చు' వద్ద వెతకాలి. మాట తోకను తీసి చూడడం అలవాటైతే సగం పని అయినట్లే.

బ్రౌను దొర నిఘంటువు మనకు మరింత దగ్గరది. అది మొదట 1852లో వెలువడింది. మారిషస్‌కు ఓడలు సాగుతున్న కాలమది. నేటాలుకు తొలి ఓడ మద్రాసు నుండి 1860లో బయలుదేరింది. తెలుగులో కలిసిన అన్యదేశ్యాలకు ఆయన 1854లో వేరొక నిఘంటువు కూడా ప్రకటించారు. ఆయనా మనలాగే తెలుగు నేర్చుకొన్నవారే. 1884లో లండనులోనే కన్నుమూశారు. కనుక అమ్మమ్మ నోట విన్న ఒక మాట నేటి పుస్తకాలలో కనబడకపోతే, అది తప్పు మాట అని తోసివేయవద్దు. ముందు బ్రౌనులో వెతకండి.

సాధనం చేతికర్ర వంటిది, నడవవలసినది మనమే. రాబోయే ఉగాదిలోగా ప్రతి ఇంటా ఒక్క పాటనైనా తెలుగు అక్షరాలలో వ్రాసి, మాటమాటకు అర్థం చూసుకొందాము. అర్థం కాని మాట మిగిలితే ఇంట్లోని పెద్దలను అడుగుదాము. వారుండగానే అడుగుదాము.