సర్వరు గాదెలో తెలుఁగుపేరు



పంచాయతీ పత్రములు, పొలముల లెక్కలు, దేవాలయపు దస్త్రములు నేఁడు పెక్కుచోట్ల కంప్యూటరుల కెక్కినవి. పలువురు తమ కంప్యూటరులనుండి తీసికొని వాడుకొనునట్లు ఫైళ్లను దాఁచు ఉమ్మడిగాదె వంటి యంత్రమును సర్వరందురు. అందలి ఫైలునకు తెలుఁగున పేరు పెట్టవచ్చునా యని కొందఱు పెద్దలు నన్నడిగిరి. నిరభ్యంతరముగాఁ బెట్టవచ్చును. కాని యా పేరు లోపల నేరీతిగా నిలుచునో యెఱుఁగుట యవసరము.

యంత్రమునకు అక్షరము తెలియదు, సంఖ్యయే తెలియును. లిపులలోని ప్రతిచిహ్నమునకు నొక సంఖ్య నిచ్చిన యేర్పాటు యూనికోడు, 1991లో వెలువడెను. ఆ సంఖ్యలను బైట్లుగా వ్రాయు పద్ధతి యూటీఎఫ్-8. దీనిని 1992లో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనువారు కల్పించిరి. ఇందు ఇంగ్లీషక్షరమునకు ఒక బైటు, తెలుఁగుచిహ్నమునకు మూఁడు బైట్లు పట్టును. "పైరు" అను మాటకు పకారము, ఐత్వము, రేఫము, ఉత్వము కలిసి 12 బైట్లు. లినక్స్ సర్వరులలోని ఈఎక్స్‌టీ4 అను ఏర్పాటు ఒక పేరునకు 255 బైట్లకు మించి చోటీయదు. అనఁగా 85 తెలుఁగుచిహ్నములు. విండోసున 255 చిహ్నములే పట్టును గనుక, అచ్చట నిలిచిన దీర్ఘనామము సర్వరున కెక్కక పోవచ్చును. మనము సమాసప్రియులము, ఇచ్చట మాత్రము సమాసమును కుదింపవలయును.

విండోసునకును లినక్సునకును నడుమ దుబాసి సాంబా అను ప్రోగ్రాము. దానికి "యూనిక్స్ చార్‌సెట్" అను పంక్తిలో యూటీఎఫ్-8 అని చెప్పవలయును. అచ్చట పాశ్చాత్యలిపి పద్ధతి పేర్కొన్నచో, మూఁడు బైట్ల హల్లు మూఁడు వింతగుర్తులై కనఁబడును: తలపై వాలుగీత గల ఇంగ్లీషు చిన్న ఏ, ప్రక్కన సున్నవంటి డిగ్రీగుర్తు, పిదప మఱియొకటి. ఈ జంట మాటిమాటికి కనఁబడినచో తెలుఁగే యట్లు వేషము మార్చినదని గ్రహింపుఁడు. నేనెఱిగిన యొక గ్రంథాలయమున ఇట్టి పేర్లను చెత్త యనుకొని తుడిచివేయఁబోయిరి. లోపలి గ్రంథము చెక్కుచెదరలేదు. చెడినది పేరు చదువుటయే.

ఐత్వపు చిక్కు మఱింత సూక్ష్మము. యూనికోడున ఐత్వము ఒకే చిహ్నముగా నుండవచ్చును. లేదా ఎత్వమును, క్రింది వంకయును వేఱువేఱుగా నుండవచ్చును. 1998లో వచ్చిన మాక్ కంప్యూటరుల హెచ్ఎఫ్ఎస్ ప్లస్ ఏర్పాటు దానిని విడఁదీసి దాఁచును. అప్పుడు "పైరు" 15 బైట్లగును. కంటికి రెండును ఒకటే. లినక్సు బైట్లనే పోల్చును గనుక రెండు వేర్వేఱు ఫైళ్లు. ఒకటి వెదకినచో రెండవది దొరకదు.

పేర్లను సరిదిద్దుటకు కన్వ్‌ఎమ్‌వీ అను పనిముట్టు గలదు. ఆజ్ఞాపించిన వెంటనే అది దేనిని మార్చదు. ఏ పేరు ఏమగునో ముందు చూపును. ఆ పట్టికను చూచునపుడు తెలుఁగు చదువనేర్చిన పెద్ద యొకరు గుమాస్తా ప్రక్కనే కూర్చుండవలయును. పేరు సరిగా వచ్చినదో లేదో యంత్రము చెప్పఁజాలదు.