పాత ఇనుప సామాన్ల యార్డు నుంచి మ్యూజియం దాకా: ఒక బుగాటీ కారు కథ

వార్షికోత్సవ సంచికకు కారు మీద వ్యాసం రాస్తామంటే రూములో అందరూ నవ్వారు. ఇంట్లో సైకిలు కూడా లేనివాళ్ళం, మనకెందుకు కోటీశ్వరుల కార్ల గొడవ అన్నారు. కానీ ఈ కారు మూలపడింది మన ఇంటర్ ఫిజిక్సు పుస్తకంలో ఉన్న ఒక చిన్న సంగతి వల్ల. అందుకే రాస్తున్నాము.

ఫ్రాన్సులోని మోల్షైమ్ పట్టణంలో ఎట్టోరె బుగాటీ కార్ల కర్మాగారం నడిపేవారు. రాజులు, చక్రవర్తులు ఎక్కడానికని ఆయన ‘టైపు 41’ అనే కారు తయారుచేయించారు. అందరూ దాన్ని ‘రాయల్’ అన్నారు. మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్ల ఇంజను ఒక లీటరు, ఒకటింబావు లీటరు ఉంటుంది. దీనిది సుమారు 12.7 లీటర్లు. 8 సిలిండర్లు, 300 హార్స్‌పవరు, బరువు మూడు టన్నుల పైనే. ముందు రేడియేటరు మూత మీద తొండమెత్తిన ఏనుగు బొమ్మ. ఎట్టోరె తమ్ముడు, శిల్పి రెంబ్రాంట్ బుగాటీ చేసిన ఏనుగు శిల్పమే దానికి మూలం.

25 కార్లు అమ్మాలనుకున్నారు. 1929లో ఆర్థికమాంద్యం వచ్చిపడింది. ఒక్క రాజూ కొనలేదు. బయటివాళ్ళకు అమ్ముడైనవి మూడే మూడు. మిగిలిపోయిన ఇంజన్లను ఫ్రాన్సు రైలుకార్లకు బిగించారు. రాజుల కోసం చేసిన ఇంజన్లు మామూలు ప్రయాణికులను మోశాయన్నమాట! మాకు ఈ ముక్క బాగా నచ్చింది.

ఆ మూడింటిలో ఒకటి జర్మనీలో కాన్పులు చేసే డాక్టరు జోసెఫ్ ఫుక్స్ గారిది. కంపెనీ నుంచి చాసిస్ తెప్పించి, పై బాడీని మ్యూనిక్ నగరంలో లుడ్విగ్ వైన్‌బెర్గర్ దగ్గర కట్టించారు. మన దగ్గర లారీకి బాడీ కట్టించినట్టే! 1932లో నలుపు, పసుపు రంగుల్లో కారు సిద్ధమైంది. ఆ మరుసటి ఏడాదే హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. డాక్టరు గారు దేశం విడిచారు. దేశాలు తిరిగి 1937 ప్రాంతంలో న్యూయార్కు చేరారు. కారు కూడా చేరింది.

అక్కడి చలికాలం దాన్ని దెబ్బతీసింది. ఇంజను చల్లబరచడానికి దాని లోపల నీళ్ళు తిరుగుతుంటాయి. చాలా పదార్థాలు చల్లబడేకొద్దీ కుంచించుకుపోతాయి. నీరు మాత్రం 4 డిగ్రీల సెల్సియస్ కిందికి దిగితే వ్యాకోచిస్తుంది, మంచుగడ్డ అయినప్పుడు సుమారు 9 శాతం ఎక్కువ చోటు అడుగుతుంది. గాజుసీసాను నీళ్ళతో నింపి, మూత బిగించి ఫ్రీజరులో పెడితే పగిలేది ఇందుకే. పోత ఇనుము సాగదు, పగులుతుంది. గ్లైకాల్ లాంటిది కలిపితే నీరు అంత త్వరగా గడ్డకట్టదు. ఈ కారులో ఆ జాగ్రత్త లేకపోయింది. 8 సిలిండర్లూ ఒకే పెద్ద బ్లాకులో ఉన్నాయి కాబట్టి ఒక్క పగులుతో ఇంజను మొత్తం పనికిరాకుండా పోయింది. విడిభాగాలు దొరికే కారు కాదు. చివరికి పాత ఇనుప సామాన్ల యార్డుకు చేరింది.

అది రెండవ ప్రపంచ యుద్ధకాలం. యుద్ధ సామగ్రి కోసం అమెరికాలో పాత ఇనుము పోగుచేసి కరిగిస్తున్నారు. మూడు టన్నుల లోహం! జనరల్ మోటార్స్ ఇంజనీరు చార్లెస్ చేయిన్ దాన్ని గుర్తుపట్టి 1943లో సుమారు 400 డాలర్లకు కొన్నారు. కొత్తప్పుడు దాని ధర 43,000 డాలర్లు. అంటే నూటికి ఒక వంతు కూడా పెట్టలేదు. తరువాత ఆయన ఆ కంపెనీలోనే వైస్ ప్రెసిడెంటు అయ్యారు.

మరమ్మతు పూర్తయ్యేసరికి 1947 అయింది. పగిలిన ఇంజను మళ్ళీ నడిచింది. అయితే చేయిన్ గారు కారును ఉన్నదున్నట్టు నిలబెట్టలేదు. పెట్రోలును, గాలిని కలిపే కార్బురేటరు మొదట ఒకటే ఉండేది, ఆయన నాలుగు పెట్టారు. నలుపు, పసుపు పోయి లేత తెలుపు, ముదురాకుపచ్చ వచ్చాయి.

ఇది పునరుద్ధరణేనా అని మాలో మాకు వాదన వచ్చింది. కొందరు డాక్టరు గారి రంగులే ఉంచాల్సిందన్నారు. మా మాట వేరు. ఆయన కొన్నది మ్యూజియం వస్తువును కాదు, ఎవరికీ అక్కర్లేని తుక్కును. రోడ్డు మీద నడిపించాలనుకున్నారు, నడిపించారు. అలాగని మొదటి కార్బురేటరు తీసేయడం మాకూ కొంచెం బాధగానే ఉంది. రంగయితే మళ్ళీ వేసుకోవచ్చు గదా!

తన కారును చేయిన్ గారు అమ్ముకోలేదు. 1950ల చివర్లో భార్య ఎస్తేర్ గారితో కలిసి డియర్‌బోర్న్‌లోని హెన్రీ ఫోర్డ్ మ్యూజియానికి ఊరికే ఇచ్చేశారు. 1987లో లండన్ వేలంలో మరో రాయల్ 97 లక్షల డాలర్లు పలికింది. అంతకు రెండేళ్ళ ముందు, 1985లో, మిగిలిన ఆరు రాయల్ కార్లనూ కాలిఫోర్నియాలోని పెబుల్ బీచ్‌లో మొదటిసారి ఒకచోట నిలబెట్టారు. ఆ వరుసలో ఈ కారు చేయిన్ గారు వేయించిన తెల్లరంగుతోనే నిలబడింది.