టకటకమనే బండి ఏమి చెబుతున్నది? సెల్ఫ్ తిరగనప్పుడు తెలుసుకోవలసిన సంగతులు

పొట్టంగి, సుంకి కొండల మీద పుష్యమాసపు తెల్లవారుజామున జీపు తాళం తిప్పితే ఇంజను కదలక, టకటకమనే శబ్దం మాత్రమే వినిపించడం వాహనం కలిగిన కుటుంబాలకు ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ఇబ్బందే. కుందులి సంతకు బయలుదేరిన కూరగాయల బుట్టలు ఒక పూట ఆగగలవు. కోరాపుట్‌లోని శహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల ఆసుపత్రికో, రాయగడ జిల్లా కేంద్ర ఆసుపత్రికో చేర్చవలసిన రోగి ఆగలేడు.

కావున ముందుగా ఒక మాట. బండిలో రోగి ఉన్నప్పుడు మరమ్మతుకు పూనుకొనకముందే 108కు ఫోను చేయండి. ఈ సేవ ఆంధ్రప్రదేశ్‌లో 2005 నుంచి, ఒడిశాలో 2013 నుంచి ఉన్నది. మనవి సరిహద్దు గ్రామాలు గనుక ఊరి పేరుతోపాటు బ్లాకు లేదా మండలం, జిల్లా, రాష్ట్రం స్పష్టంగా చెప్పాలి. ఆ తరువాతనే బానెట్ ఎత్తండి.

టకటక వినగానే చాలామంది చేసే పని కొత్త బ్యాటరీ కొనడం. కొన్నిసార్లు అది సరియైన చికిత్సే. అయితే వదులైన ఒక బోల్టు, పొడి పట్టిన ఒక టెర్మినల్ కూడా అదే శబ్దాన్ని పుట్టించగలవు. వేల రూపాయలు వెచ్చించే ముందు పావుగంట పరీక్ష చేసుకోవడం ఏ ఇంటికైనా సాధ్యమే.

శబ్దం ఎక్కడిది?

సెల్ఫ్ మోటారు మీద సోలినాయిడ్ అనే చిన్న భాగం ఉంటుంది. తాళం తిప్పగానే స్వల్పమైన కరెంటుతో అందులోని ఇనుప కడ్డీ ముందుకు లాగబడి, ఒక పెద్ద స్విచ్చును మూస్తుంది. మనకు వినిపించే టక్ అనే శబ్దం అదే. స్విచ్చు మూసుకొన్న మరుక్షణం మోటారు సుమారు 200 ఆంపియర్ల కరెంటు కోరుతుంది. డీజిలు ఇంజను గాలిని గట్టిగా నొక్కవలసి ఉంటుంది కనుక దానికి ఇంకా ఎక్కువ కావాలి.

బ్యాటరీ బలహీనంగా ఉంటే ఆ భారానికి వోల్టేజి పడిపోయి కడ్డీ వెనక్కు జారుతుంది. భారం తొలగగానే వోల్టేజి మళ్లీ లేస్తుంది, కడ్డీ మళ్లీ ముందుకు వస్తుంది. వెంటవెంటనే వినిపించే టకటకకు కారణం ఇదే. ఒకే ఒక్క బరువైన టక్ వినిపించి ఊరుకొన్నదంటే, కడ్డీ నిలబడినది కాని మోటారు తిరగలేదని అర్థం.

లైట్ల పరీక్ష

హెడ్‌లైట్లు వెలుగుతున్నవి కనుక బ్యాటరీ బాగున్నదని అనుకోవడం పొరపాటు. సాధారణ హెడ్‌లైట్లు రెండింటికి కలిపి 10 ఆంపియర్లు చాలు. మోటారుకు అంతకు ఇరవై రెట్లు కావాలి. అందుచేత లైట్లు వేసి ఉంచి, ఒకరు తాళం తిప్పుతుండగా మరొకరు ముందు ప్రక్కగా నిలబడి చూడాలి. గేరు న్యూట్రల్‌లో ఉండాలి, చేతి బ్రేకు వేసి ఉండాలి.

టకటకతోపాటు లైట్లు మసకబారినా, ఆరిపోయినా లోపం బ్యాటరీలోనో దాని కలయికలలోనో ఉన్నది. ఒక్క టక్ వినిపించి లైట్లు ఏమాత్రం తగ్గకపోతే కరెంటు మోటారులోనికి పోవడం లేదు. సోలినాయిడ్ స్విచ్చు గాని, కార్బన్ బ్రష్‌లు గాని అరిగి ఉండవచ్చు. ఒక్క టక్ వినిపించి లైట్లు బాగా క్రుంగితే మోటారో, ఇంజనో బిగుసుకొని ఉండవచ్చు. గెడ్డ దాటుతూ నీటిలో ఆగిపోయిన బండికి ఇట్లా జరిగితే మళ్లీ మళ్లీ తాళం తిప్పవద్దు, తోయనూ వద్దు. ఇంజను లోపల చేరిన నీరు నొక్కుకొనదు. బలవంతం చేస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది.

టెర్మినళ్లు, ఎర్త్

తరువాత బ్యాటరీ టెర్మినళ్లను చేతితో మెలిపెట్టి చూడండి. అవి కదలకూడదు. వర్షాలు మెండుగా పడే మన కొండలలో వాటి మీద తెల్లని, పచ్చని పొడి త్వరగా చేరుతుంది. ఆ పొడి వలన 0.02 ఓమ్‌ల అడ్డు ఏర్పడినా, 200 ఆంపియర్ల వద్ద 4 వోల్టులు దారిలోనే నష్టమవుతాయి. 12 వోల్టులలో మోటారుకు మిగిలేది 8 మాత్రమే.

శుభ్రపరచేటప్పుడు ముందు నెగటివ్ తీగను విప్పాలి, తిరిగి బిగించేటప్పుడు దానిని చివరగా కలపాలి. వంటసోడా కలిపిన నీటితో కడిగి, తుడిచి, గరుకు కాగితంతో మెరిసేవరకు రుద్ది బిగించాలి. సోడా నీరు బ్యాటరీ లోపలికి పోరాదు. పైన కొద్దిగా వాసెలిన్ పూయవచ్చు. నెగటివ్ తీగ ఇంజనుకు, బాడీకి కలిసేచోటును కూడా చూడాలి. తుప్పు పట్టిన ఎర్త్ కొత్త బ్యాటరీని కూడా పనికిరానిదిగా చూపిస్తుంది.

మీటరు ఉంటే

రాత్రంతా ఆగి ఉన్న బండిలో 12.6 వోల్టులు చూపితే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 12.2 చూపితే సుమారు సగం ఉన్నట్టు. 12కు దిగువన ఉంటే ముందుగా చార్జింగు పెట్టించాలి. నిండుగా చార్జి అయిన తరువాత కూడా తాళం తిప్పినప్పుడు 9.6కు దిగువకు పడితే బ్యాటరీ బలం తగ్గినదని భావించి, దుకాణంలో లోడు పరీక్ష చేయించండి. ఇంజను నడుస్తుండగా 13.8 నుంచి 14.4 వరకు రావాలి. రాకపోతే లోపం చార్జింగు వ్యవస్థది. అప్పుడు బ్యాటరీ మార్చినా కొద్ది రోజులలో మళ్లీ ఇదే గతి.

చలికాలంలోనే ఎందుకు?

చలికి బ్యాటరీలోని రసాయనిక చర్య మందగిస్తుంది, ఇంజను ఆయిల్ చిక్కబడుతుంది. అయినా ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ మన కొండల చలిని తట్టుకొంటుంది. దాని ఆయువును నిజంగా హరించేది వేసవి వేడి. రాయగడ, పార్వతీపురం ఎండలలో కృశించిన బ్యాటరీ, పొట్టంగి చలిలో ఆ సంగతి బయటపెడుతుంది. కనుక వేసవి ముగియగానే పరీక్ష చేయించడం మేలు. పెళ్లిళ్లలో బండి బ్యాటరీకి పాటల పెట్టె తగిలించి గంటలకొద్దీ వాడితే మరునాటి ఉదయం టకటక తప్పదు.

చేయదగినవి, చేయరానివి

వేరొక బండి నుంచి కరెంటు తీసుకొనేటప్పుడు ఎర్ర తీగను ముందుగా మన బ్యాటరీ పాజిటివ్‌కు, తరువాత ఆ బండి పాజిటివ్‌కు కలపాలి. నల్ల తీగను ఆ బండి నెగటివ్‌కు కలిపి, రెండవ కొనను బ్యాటరీకి దూరంగా మన ఇంజను లోహానికి తగిలించాలి. బ్యాటరీ నుంచి వెలువడే హైడ్రోజన్ వాయువు చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. బీడీ, అగ్గిపుల్ల దగ్గరకు రానీయరాదు. పెద్ద లారీలు, బస్సులలో 24 వోల్టులు ఉంటాయి. వాటితో కలిపితే మన బండిలోని ఎలక్ట్రానిక్ భాగాలు మాడిపోతాయి.

నడుస్తున్న ఇంజనుకు బ్యాటరీ తీగ విప్పి డైనమోను పరీక్షించే పాత అలవాటు నేటి వాహనాలకు హానికరం. చేతి గేర్ల బండిని సమతలం మీద తోసి స్టార్టు చేయవచ్చు. ఘాట్ రోడ్డు మీద వాలులో వదలడం మాత్రం ప్రాణాంతకం, ఇంజను ఆగి ఉండగా బ్రేకుకూ స్టీరింగుకూ అలవాటైన సహాయం అందదు.

మెకానిక్ వద్దకు వెళ్లినప్పుడు కేవలం బ్యాటరీ మార్చమని చెప్పక, శబ్దం టకటకా, ఒకే టక్కా, అప్పుడు లైట్లు ఏమైనవి, టెర్మినళ్లు శుభ్రపరచినారా అన్న మూడు సంగతులు చెప్పండి. తెలుగులో చెప్పినా, ఒడియాలో చెప్పినా వెతకవలసిన చోటు అతనికి తెలుస్తుంది, అనవసరమైన ఖర్చు మీకు తప్పుతుంది. నెలకొకసారి టెర్మినళ్లు చూచుకొనే పనిని ఇంట్లో పెద్ద పిల్లలకు నేర్పితే, అర్ధరాత్రి అవసరానికి బండి సిద్ధంగా ఉంటుంది.