చిన్న ప్రోగ్రాం – పెద్ద పరీక్ష

సంగారెడ్డి జిల్లా పటాన్‌చెరు మండలంలో భానూర్ అనే గ్రామం ఉంది. క్షిపణులను తయారుచేసే భారత్ డైనమిక్స్ సంస్థకు ఇక్కడ ఒక కర్మాగారం ఉన్నందువల్ల ఈ ఊరి పేరు దూరప్రాంతాల వారికి కూడా పరిచితమే. 2014 జూన్ 2వ తేదీకి ముందు ఈ ఊరి చిరునామాలో "మెదక్ జిల్లా, ఆంధ్రప్రదేశ్" అని రాసేవారు. ఆ తేదీ నుండి రాష్ట్రం పేరు తెలంగాణ అయింది. 2016 అక్టోబరులో జిల్లాల పునర్వ్యవస్థీకరణతో జిల్లా పేరు కూడా మారింది. ఊరు ఉన్నచోటనే ఉంది. చిరునామా మాత్రం రెండుసార్లు మారింది. పాత చిరునామాతో వచ్చిన ఉత్తరాన్ని గమ్యానికి చేర్చాలంటే తపాలా ఉద్యోగికి ఈ మార్పులన్నీ తెలిసి ఉండాలి. కంప్యూటరులో ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్నదో గుర్తించే చిన్న ప్రోగ్రాం పని కూడా ఇటువంటిదే.

కంప్యూటరులోని యంత్రభాగాలకూ, మనం వాడే ప్రోగ్రాములకూ మధ్యవర్తిగా ఉండి పని జరిపించేది ఆపరేటింగ్ సిస్టమ్. దీనికి ఎప్పటికప్పుడు కొత్త వెర్షన్లు వస్తుంటాయి. ప్రతి వెర్షనుకూ బయటి పేరు ఒకటి, లోపలి సంఖ్య మరొకటి ఉంటాయి. విండోస్ ఎక్స్‌పీ లోపలి సంఖ్య 5.1. విస్టాకు 6.0, విండోస్ 7కు 6.1, విండోస్ 8కు 6.2, విండోస్ 8.1కు 6.3, విండోస్ 10కి 10.0. పేరులో 7 ఉన్నా లోపల 6.1 అని ఉండటం గమనించదగిన విషయం.

వెర్షన్ తెలుసుకోవలసిన అవసరం ఏమిటి? 2017 మే 12న వాన్నాక్రై అనే హానికర ప్రోగ్రాం ప్రపంచంలోని అనేక దేశాలకు వ్యాపించింది. బ్రిటన్‌లో ఆసుపత్రుల సేవలకు అంతరాయం కలిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా దీని బారిన పడ్డాయి. అది ఉపయోగించుకున్న లోపానికి సవరణను మైక్రోసాఫ్ట్ సంస్థ అదే సంవత్సరం మార్చిలోనే విడుదల చేసింది. అయితే 2014లోనే మద్దతు ముగిసిన ఎక్స్‌పీకి, సవరణ అందరికీ అందుబాటులోకి వచ్చింది దాడి తరువాతనే. కనుక ఏ యంత్రంలో ఏ వెర్షన్ ఉన్నదో, దానికి ఏ సవరణలు చేరాయో తెలియని సంస్థ తన కంప్యూటర్లను కాపాడుకోలేదు. పారిశ్రామికవాడలలో ఈ అవసరం మరింత ఎక్కువ. ఒక పెద్ద యంత్రం ఇరవై ఏళ్లు పనిచేయవచ్చు. దానిని నడిపే కంప్యూటరు కూడా అంతకాలమూ పాత వెర్షనుతోనే ఉండిపోవచ్చు.

ఇప్పుడు పరీక్ష విషయానికి వద్దాం. "ఎక్స్‌పీ గాని, అంతకంటె కొత్తది గాని అయితే సరే" అని చెప్పే ప్రోగ్రాం కావాలనుకుందాం. చుక్కకు ముందున్న అంకె 5 లేదా అంతకంటె ఎక్కువ, తరువాతి అంకె 1 లేదా అంతకంటె ఎక్కువ ఉండాలని ఒకరు నియమం రాశారు. ఎక్స్‌పీలో పరీక్షించారు, సరిగా పనిచేసింది. విండోస్ 7లోనూ పనిచేసింది. కాని విస్టాలో విఫలమైంది. కారణం, 6.0లో చుక్క తరువాత ఉన్నది సున్న! 2020 జనవరి, 2014 ఏప్రిల్ కంటె ముందుదా? నెలలను మాత్రమే చూస్తే అలాగే తోస్తుంది. ముందు సంవత్సరాలను పోల్చాలి. అవి సమానమైనప్పుడే నెలలను చూడాలి. వెర్షన్ల విషయంలోనూ ఇదే పద్ధతి.

రెండవ పొరపాటు సంఖ్యలను అక్షరాలుగా పోల్చటం. నిఘంటువు క్రమంలో చూస్తే 1తో మొదలయ్యే 10.0, 6తో మొదలయ్యే 6.3 కంటె ముందు వస్తుంది. అప్పుడు ప్రోగ్రాం కొత్తదానిని పాతదిగా లెక్కిస్తుంది.

మూడవది మరింత సూక్ష్మమైనది. పాత ప్రోగ్రాములు చెడిపోకుండా ఉండటానికి ఆపరేటింగ్ సిస్టమే ఒక్కొక్కసారి పాత సంఖ్యను చెబుతుంది. తాను విండోస్ 8.1కు అనుకూలమని ముందుగా ప్రకటించని ప్రోగ్రాం అక్కడ పాత పద్ధతిలో వెర్షన్ అడిగితే 6.2 అనే జవాబు వస్తుంది. 2021లో వచ్చిన విండోస్ 11 లోపలి సంఖ్య కూడా 10.0 మాత్రమే. దానిని గుర్తించాలంటే బిల్డ్ సంఖ్య 22000 గాని, అంతకు పైన గాని ఉన్నదేమో చూడాలి.

అందువల్ల పరీక్షించేవారు ముందుగా ఒక పట్టిక రాసుకోవాలి. ఒక వరుసలో వెర్షన్, రెండవ వరుసలో రావలసిన జవాబు, మూడవ వరుసలో వచ్చిన జవాబు ఉండాలి. ప్రతి వెర్షనునూ, ముఖ్యంగా అంకె మారే సరిహద్దులను, విడివిడిగా పరీక్షించాలి. ఒకే కంప్యూటరులో పలు ఆపరేటింగ్ సిస్టములను నడిపే వర్చువల్ యంత్రాలు ఇందుకు తోడ్పడతాయి. చివరగా, ఇంకా పుట్టని వెర్షన్ సంఖ్యను కూడా ఇచ్చి చూడాలి. అప్పుడు ప్రోగ్రాం ఏదో ఒక పేరును ఊహించి చెప్పకూడదు. "తెలియదు" అని చెప్పాలి. తెలియదన్న యంత్రాన్ని ఎవరైనా వెళ్లి పరిశీలిస్తారు. బాగుందని తప్పుగా చెప్పిన యంత్రం వైపు మాత్రం, ప్రమాదం జరిగే వరకు ఎవరూ చూడరు.