పినాకినీ కావేరులు: ధర్మపురి జిల్లాలో జలకాలుష్యము, జలచరముల స్థితి

నందికొండల ప్రాంతమున పుట్టిన నదులలో మూడింటిని గూర్చి ముందుగా చెప్పవలసియున్నది. ఉత్తర పినాకిని తెలుగునేలకు దిగి, పెన్న యను పేర నెల్లూరు మీదుగా సముద్రమును చేరుచున్నది. దక్షిణ పినాకిని తమిళదేశమున తెన్‌పెణ్ణై యనబడి, కృష్ణగిరి, ధర్మపురి జిల్లాలను తడుపుచు కడలూరు ప్రాంతమున కడలిని గలియుచున్నది. మూడవదియగు అర్కావతి సంగమమను చోట కావేరిలో పడును. ఆ కావేరియే దిగువకు వచ్చి, ధర్మపురి జిల్లా పడమటి అంచున హొగెనక్కలు వద్ద జలపాతమై దూకుచున్నది. పూర్వము తగడూరని ప్రసిద్ధి చెందిన ఈ ధర్మపురి సీమకు ఇట్లు రెండు ప్రక్కలను రెండు నీటిదారులు గలవు. రెండింటిలోను నందికొండల నీరు గలదు.

ఈ రెండు దారులకు నడిమి మిట్టమీద బెంగుళూరు నగరమున్నది. మిట్టకు తూర్పుననున్న వీథుల మురుగు బెళ్ళందూరు, వర్తూరు చెరువుల మీదుగా దక్షిణ పినాకినిలోనికి పారును. పడమటి వీథుల మురుగు వృషభావతి వెంట అర్కావతిలోనికి, అటనుండి కావేరిలోనికి దిగును. ఆ నగరవాసులు త్రాగునది అధికముగా కావేరి నీరే. యంత్రములతో మిట్టకెత్తించిన నీరు మురుగై, రెండు పాయలుగా చీలి, దిగువవారి వాకిటికి వచ్చుచున్నది. శుద్ధి చేయు కేంద్రములు లేకపోలేదు. అవి చాలుట లేదు. 2017 ఫిబ్రవరిలోను, 2018 జనవరిలోను బెళ్ళందూరు చెరువున పేరుకొన్న కలుపు, చెత్త అంటుకొని మంటలు లేచినవి. బడబాగ్నిని కావ్యములయందు వినుటయేగాని చెరువున చూచుట ఆ నగరవాసులకే చెల్లినది.

ఈ మురుగు చేయు కీడు కంటికి కనబడునది నురుగు రూపమున. బట్టలుతుకు పొడిలోని అణువునకు ఒక కొన నీటిని, మరియొక కొన జిడ్డును పట్టుకొను గుణము గలదు. మురికిని వదలించునది ఆ గుణమే. నీటిపై తలతన్యతను తగ్గించి బుడగలను నిలుపునదియు నదియే. నిలిచిన నీట అడుగు బురదలో నణగియున్న యీ పదార్థము, వానలు పడి తూముల వద్ద నీరు చిలుకబడినప్పుడు నురుగై లేచును. హోసూరు దగ్గరి కెలవరపల్లి ఆనకట్ట దిగువన నది నురుగుచే కప్పబడుట ఇటీవలి సంవత్సరములలో పలుమార్లు జరిగినది. ఆ నీరే కృష్ణగిరి ఆనకట్టను దాటి ధర్మపురి జిల్లాలో ప్రవేశించుచున్నది.

నురుగు గాలికి కొట్టుకొనిపోవును. మిగిలినదే ఎక్కువ హాని చేయును. మురుగులోని భాస్వరపు లవణములు పైరునకు ఎరువైనట్లే పాచికిని, గుర్రపుడెక్కకును ఎరువగును. ఆకులు నీటిని కప్పివేయగా వెలుతురు లోనికి పోదు. అవి కుళ్ళునప్పుడు సూక్ష్మజీవులు నీటిలోని ప్రాణవాయువును హరించివేయును. రాత్రివేళ పాచియు ఊపిరి పీల్చునుగనుక తెల్లవారుజామున ఆ వాయువు అత్యల్పముగా నుండును. ఉదయమున చెరువుగట్టున చచ్చి తేలిన చేపలను చూచి ఎవరో విషము కలిపిరని జనులు శంకించుట కలదు. కలుపకనే కొన్ని మారులట్లు జరుగును. మురుగునుండి పుట్టు అమ్మోనియా మొప్పలను చెరచుట వేరొక కారణము.

ఇక హొగెనక్కలు. కన్నడమున హొగె యనగా పొగ, కల్ యనగా రాయి. తెలుగున పొగ, తమిళమున పుగై, కన్నడమున హొగె: ఒకే మాట మూడు నోళ్ళ పలికిన తీరిది. తుంపరలు పొగవలె లేచు ఆ రాళ్ళమీద, ఒడలికి నూనె మర్దనము చేయించుకొని జలపాతమున స్నానమాడుట యాత్రికులకు పరిపాటి. నూనె, షాంపూ నదిలోనికి పోవును. చింపిన పొట్లములు, సీసాలు, విడిచిన గుడ్డలు రాళ్ళ సందులలో మిగులును. ఒక్కసారి వాడి పారవేయు ప్లాస్టిక్కు వస్తువులలో 14 రకములను తమిళనాడు ప్రభుత్వము 2019 జనవరి 1 నుండి నిషేధించినది. నదీతీరమున ఆ నిషేధము ఆచరణలో సన్నగిల్లుచున్నది. బెంగుళూరు మురుగును ధర్మపురివారు ఆపజాలరు. ఈ పొట్లములను గూర్చి మాత్రము ఎగువవారిని నిందించుటకు వీలులేదు.

ఈ జిల్లా భూగర్భజలమున ఫ్లోరైడు హెచ్చు. తరతరములుగా పండ్లు గారపట్టుట, ఎముకలు వంగుట ఇచ్చట చూచినదే. దాని నివారణకై హొగెనక్కలు వద్ద కావేరి నీటిని శుద్ధిచేసి ఊరూరికి పంపు పథకము 2013లో ప్రారంభమైనది. అనగా జనులు ఏ నది ఒడ్డున చెత్త విడిచి వచ్చుచున్నారో, ఇంటికి మరలి ఆ నది నీరే త్రాగుచున్నారు.

మనుజులకు శుద్ధికేంద్రము గలదు, జలచరములకు లేదు. 2022 నవంబరులో ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలలోని సుమారు 686 చదరపు కిలోమీటర్ల అడవిని కావేరి దక్షిణ వన్యప్రాణి అభయారణ్యముగా ప్రకటించిరి. అందు మొసళ్ళు, మెత్తని డిప్పగల లీత్ తాబేళ్ళు, నీటికుక్కలు గలవు. తమిళులును నీటికుక్కను నీర్‌నాయ్ అనియే యందురు. చేపయే దాని ముఖ్యాహారము గనుక చేపల కొవ్వున చేరిన విషములు దాని యొడలిలో మరింత చిక్కనగును. తెగి వదలివేసిన నైలాను వలలు తాబేళ్ళకు ఉరులగును. ఇక మూపురపు మహసీరు సంగతి. 1946లో కబినీనదిలో 120 పౌనుల మహసీరు గాలమునకు చిక్కినది. 2018లో ఆ జాతి మిక్కిలి ప్రమాదస్థితిలో నున్నదని అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము ప్రకటించినది. నేరమంతయు మురికిదే యనుట న్యాయము గాదు. ఆనకట్టలు, ఇసుక త్రవ్వకము, వేరు నదులనుండి తెచ్చి వదలిన మరియొక మహసీరు జాతి ఇందు పాలు పంచుకొన్నవి.

మురుగు ఎగువనే శుద్ధి యైన నది తిరిగి బ్రతుకునా యని సందేహింపనక్కరలేదు. లండనులో థేమ్సునది జీవశాస్త్రరీత్యా చచ్చినదని 1957లో నిర్ణయించిరి. మురుగుశుద్ధి బాగుపడిన పిమ్మట ఆ నదికి చేపలు, వాని వెనుక సీలులును మరలివచ్చినవి.

హొగెనక్కలులో ఆడి మాసపు పదునెనిమిదవనాటి జనసమ్మర్దమును గూర్చి అందరును చెప్పుదురు. నిండు నది యైనచో నాటి చెత్త కొట్టుకొనిపోయి, 1934లో పూర్తియైన మెట్టూరు జలాశయమున చేరును. జంతువులకు అంతకంటె గడ్డుకాలము వేసవి. నది సన్నగిల్లినను నగరపు మురుగు తగ్గదు. ఆ కొంచెపు నీటిలో దాని పాలు హెచ్చును. బడులకు సెలవులు గనుక యాత్రికులును అప్పుడే వత్తురు. చేపలు మిగిలిన మడుగులలోనికి, వానివెంట నీటికుక్కలు, మొసళ్ళును చేరును. మొసలి గ్రుడ్లుపెట్టు ఇసుకయు ఆ మడుగుల యొడ్డుననే యుండును. వంట చేసుకొని విస్తళ్ళు, సీసాలు విడిచిపోవుటకు జనులు కోరుకొను నీడపట్టులును అచ్చటనే.