కవచం వెళ్ళిపోయి మళ్ళీ ఎందుకొచ్చింది?

మొన్న సెలవుల్లో బందరు రోడ్డులోని బాపు మ్యూజియానికి వెళ్ళాం. అక్కడ పాత కత్తులు, డాళ్ళు, ఒంటికి తొడుక్కునే కవచాలు ఉన్నాయి. కవచం ముందు నిలబడి మా ఫ్రెండ్ అన్నాడు: "బెజవాడ ఎండల్లో ఇది వేసుకుంటే శత్రువు అక్కర్లేదురా, ఎండే చంపేస్తుంది."

అందరం నవ్వాం. తర్వాత ఈ విషయం గురించి చదువుతుంటే ఆ జోకులోనే అసలు పాయింట్ ఉందనిపించింది. సైనికుడి ఒంటిమీద ఏం ఉండాలి అన్నది ఎప్పుడూ ఒకటే లెక్క. ప్రాణం కాపాడేంత గట్టిగా ఉండాలి, మోస్తూ పరిగెత్తేంత తేలిగ్గానూ ఉండాలి. ఒకటి పెంచితే రెండోది తగ్గుతుంది. రెండు వేల ఏళ్ళుగా మార్పులన్నీ ఈ లెక్క చుట్టూనే జరిగాయి.

మన దగ్గర నుంచే మొదలుపెడదాం. అమరావతి శిల్పాల్లో కాల్బలం కనిపిస్తుంది. చాలామందికి తలపాగా, నడుముకు బిగించిన గుడ్డ, చేతిలో కత్తో బల్లెమో, ఇంకో చేతిలో డాలు. అంతే. ఛాతీ మీద ఇనుము లేదు. డాలు ఒక్కటే కవచం, అది కూడా అలసిపోతే దించుకోగలిగే కవచం.

తర్వాత కాలంలో గుడ్డనే కవచంగా మార్చుకున్నారు. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేయస్ అక్కడి సైనికుల దళసరి కుట్టు అంగీల గురించి రాశాడు. పొరలు పొరలుగా దూదో తోలో పెట్టి గట్టిగా కుట్టేవారు, కొన్నిటికి ఇనుప రేకులు కూడా చేర్చేవారు. కొండపల్లి కోటను పట్టుకున్నది కూడా ఆ కృష్ణదేవరాయల సైన్యమే. దూది బాణాన్ని ఎలా ఆపుతుంది? ఒక్క పోగు ఆపలేదు. కానీ వందల పోగులు ఒక్కొక్కటీ కొంచెం కొంచెం వేగం లాగేసుకుంటే బాణం లోపలికి దిగేసరికి నీరసించిపోతుంది. ఈ ఐడియాని గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్ళీ వస్తుంది.

డబ్బున్న రౌతులు ఇనుప రింగులు అల్లిన గొలుసు కవచం వేసుకునేవారు. బరువు పది కిలోల చుట్టుపక్కల. కత్తి వేటుకు అది బాగానే పనిచేసేది. దాన్ని ఓడించింది తుపాకీ.

1758 డిసెంబరులో గొల్లప్రోలు దగ్గరి చందుర్తిలో ఇంగ్లీషువాళ్ళకీ ఫ్రెంచివాళ్ళకీ యుద్ధం జరిగింది. రెండు వైపులా మన సిపాయిలు ఉన్నారు. అప్పటి మస్కెట్ తుపాకీ నాలుగున్నర కిలోల పైనే ఉండేది. నిమిషానికి రెండు మూడు సార్లు పేల్చేవారు. వంద మీటర్లు దాటితే గురి మీద నమ్మకం లేదు. కానీ దగ్గర్లో తగిలిన సీసపు గుండును గొలుసు కవచం ఆపలేదు. ఆపలేని బరువు మోయడం దేనికి? అందుకే కవచం తీసేశారు. దాని బదులు మందు, గుండు కలిపి కట్టిన కాగితపు పొట్లాల సంచీ, బాయ్‌నెట్, యూనిఫామ్ వచ్చాయి.

యూనిఫామ్ పని కాపాడటం కాదు, పొగలో మనవాడెవడో చూపించడం. చందుర్తిలో అదే ముఖ్యమైంది. ఎర్రకోట్లు వేసుకున్న సిపాయిలను చూసి ఫ్రెంచి సైన్యం వాళ్ళే ఇంగ్లీషు సైనికులనుకుని వాళ్ళ మీదికి వెళ్ళింది. అసలు ఇంగ్లీషు పటాలం ఎత్తైన పైరు వెనక ఉంది. ఫ్రెంచివాళ్ళు ఓడిపోయారు. తర్వాత ఏప్రిల్‌లో బందరు కోట కూడా పోయింది. ఎర్రకోటు చూసి తుపాకులు తిరిగింది మాత్రం సిపాయిల వైపు.

కిట్ ఎలా ఉండాలో వాళ్ళని ఎవరూ అడగలేదు. 1806లో మద్రాసు సైన్యానికి కొత్త టోపీ ఇచ్చారు, దాని మీద తోలు ముక్క. బొట్టు పెట్టుకోకూడదు, పోగులు ఉండకూడదు, గడ్డం తీసేయాలి అన్నారు. మన భాషలో చెప్పాలంటే యూజర్‌ని అడగకుండా బలవంతంగా తోసిన అప్‌డేట్. జులై 10న వేలూరు కోటలో సిపాయిలు తిరగబడ్డారు. ఒక్క రోజులో రెండు వైపులా కలిపి వందల ప్రాణాలు పోయాయి. దానికి టోపీ ఒక్కటే కారణం కాదు, కానీ నిప్పు అంటుకుంది అక్కడే. తర్వాత ఆ ఉత్తర్వులు వెనక్కి తీసుకున్నారు.

19వ శతాబ్దం చివర్లో పొగ రాని మందు వచ్చింది, రైఫిళ్ళ గురి చాలా దూరం పెరిగింది. ఇప్పుడు ఎర్రకోటు అంటే 'నన్ను కాల్చు' అని బోర్డు పెట్టుకున్నట్టే. అందుకే ఖాకీ. బందరు దగ్గరి భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య గారు బ్రిటిష్ సైన్యంలో చేరి దక్షిణాఫ్రికా వెళ్ళిన బోయర్ యుద్ధం నాటికి అక్కడి బ్రిటిష్ సైనికులు ఖాకీలోనే ఉన్నారు. మట్టిలో కలిసిపోయే రంగే కవచం అన్నమాట.

మరి ఇనుము మళ్ళీ ఎప్పుడొచ్చింది? మొదటి ప్రపంచ యుద్ధంలో. కందకాల్లో దాక్కున్నవాళ్ళ తలల మీద ఫిరంగి గుండ్ల ముక్కలు పడేవి. 1915లో ఫ్రాన్స్, బ్రిటన్ రెండూ ఉక్కు హెల్మెట్లు మొదలుపెట్టాయి. అవి సూటిగా వచ్చే తూటాని ఆపడానికి కాదు, పైనుంచి పడే ముక్కల్ని ఆపడానికి. కవచం ఏది ఆపగలదో అంతవరకే తిరిగొచ్చింది.

1965లో అమెరికాలో స్టెఫనీ క్వోలెక్ కనిపెట్టిన దారం తర్వాత కెవ్లార్ అయింది. ఇక్కడే మన దూది అంగీ మళ్ళీ వస్తుంది. కెవ్లార్ జాకెట్ కూడా పొరలు పొరలుగా పేర్చిన గుడ్డే, గోల్ నెట్ బంతిని పట్టినట్టు తూటాని పడుతుంది. అయితే అది పిస్టల్ తూటాకి సరిపోతుంది. సెకనుకు 700 మీటర్ల పైన వచ్చే రైఫిల్ తూటాకి ముందు ఒక గట్టి పలక కావాలి. ఆ పలక తూటా మొన పగలగొడితే వెనకున్న పోగులు ముక్కల్ని పట్టుకుంటాయి.

అలాంటిదే హైదరాబాద్ మిధాని సంస్థ బార్క్ టెక్నాలజీతో తయారుచేసి 2019లో బయటపెట్టిన 'భాభా కవచ్'. అందులో బోరాన్ కార్బైడ్, కార్బన్ నానోట్యూబులు వాడారు. బరువు 9 కిలోల చిల్లర. అంటే ఒకప్పటి గొలుసు కవచం దగ్గరికే వచ్చాం! ఒకప్పుడు ఆ బరువు కత్తిని ఆపేది, ఇప్పుడు అదే బరువు రైఫిల్ తూటాని ఆపుతోంది. దాని మీద మళ్ళీ హెల్మెట్, తుపాకీ, మ్యాగజైన్లు, నీళ్ళు, రేడియో, బ్యాటరీలు.

మెటీరియల్ ఎంత మారినా కింద మోసే వెన్నెముక మాత్రం అమరావతి శిల్పంలో ఉన్నదే. దానికి అప్‌గ్రేడ్ రాలేదు. ఈసారి మ్యూజియానికి వెళ్తే కవచం ఎంత అందంగా ఉందో చూసి వచ్చేయకండి. అది వేసుకుని ఎండలో నడిచింది ఎవరు, అలా నడవమని చెప్పింది ఎవరు అని కూడా ఒక్క నిమిషం ఆలోచించండి.