సున్నం పడిన కంట్లో నాట్లు

మా మేనత్త కొడుక్కి ఆరేళ్ళప్పుడు, నాయనమ్మ తాంబూలం పెట్టెలోని సున్నపుకాయ మూత లాగబోతే తడిసున్నం కుడికంట్లో చిందింది. ఆమ్లం పైపైన కాల్చి ఆగుతుంది గాని, సున్నం లోపలికి దిగుతూనే పోతుంది. వెంటనే ధారగా నీళ్ళతో కడగాలని ఇంట్లో ఎవరికీ తోచలేదు. కన్ను తెల్లబడింది. తరువాత ఒక పట్నంలో దానంగా వచ్చిన నల్లగుడ్డు అతికిస్తే, ఏడాది తిరక్కుండా అదీ మసకబారింది. "మన రాత" అనుకున్నారు మావాళ్ళు. బి.యస్సీ. చదివాకగాని అసలు కారణం నాకు బోధపడలేదు.

నల్లగుడ్డు పైపొర రోజూ అరిగిపోతూ ఉంటుంది. దానికి కొత్త కణాలను పంపేవి, నల్లగుడ్డూ తెల్లగుడ్డూ కలిసే అంచున కాపురముండే మూలకణాలు. అవి మాడిపోయాయంటే చేలగట్టు తెగినట్టే. తెల్లగుడ్డు పొర రక్తనాళాలతో సహా తుంగలాగ చేనంతా కమ్మేస్తుంది. అలాంటి చోట కొత్త నల్లగుడ్డు పెట్టి ఏం లాభం?

మూలకణాలనగానే చాలామందికి పిండం గుర్తుకొస్తుంది. నిజమే. 1998లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో జేమ్స్ థామ్సన్ బృందం కొద్దిరోజుల మానవ పిండాల నుండి తీసిన కణాలను పెంచగలిగింది. గుండె, నరం, ఎముక, ఏ కణంగానైనా మారగల శక్తి వాటిది. పిండాన్ని చెదరగొట్టవచ్చునా అన్న ధర్మసందేహం ఒకటి, అదుపు తప్పితే కణితి కట్టే ప్రమాదం ఒకటి వాటిని వెన్నాడుతున్నాయి. 2006లో జపానులో యమనాకా ఎలుక కణాలకే పిండదశ గుణాలు తెప్పించి మొదటి చిక్కును చాలావరకు తప్పించాడు.

మా బావ కంటికి అంత దూరం పోనక్కరలేదు. హైదరాబాదులో ఎల్.వి.ప్రసాద్ నేత్రవైద్య సంస్థ ఉంది కదా (ఏలూరు దగ్గర సోమవరప్పాడులో పుట్టిన మన సినీదర్శకుని పేరే అది!), అక్కడ 2001 నుండి మంచికంటి అంచులో చిన్న ముక్క తీసి, కాన్పులో దొరికే ఉమ్మసంచి పొర మీద పెంచి, దెబ్బతిన్న కంట్లో పరుస్తూ వచ్చారు. అచ్చంగా నారు పోసి నాట్లు వెయ్యడమే. 2011లో ప్రకటించిన లెక్కలో 200 కళ్ళకుగాను 142 నిలబడ్డాయి. మిగిలిన 58 సంగతీ దాచకుండా చెప్పారు, అందుకే నాకు నమ్మకం. 2012లో డాక్టర్ సంగ్వాన్ బృందం నారుమడి కూడా మానేసింది: ముక్కను నలుసులుగా కోసి, కంటిమీదే పరిచిన ఉమ్మపొరపై జిగురుతో అంటించారు. ప్రయోగశాల ఖర్చు తప్పింది. మన వెదజల్లు సేద్యమన్నమాట.

రెండు కళ్ళూ పోయినవారికి సొంత విత్తనం ఉండదు. యమనాకా దారి పనికొచ్చేది అక్కడే. 2019లో ఒసాకాలో అలాంటి కణాలతో చేసిన పొరను మొదటిసారి మనిషి కంటికి అమర్చారు.

"ఉన్న ఒక్క కంటికీ కత్తి పెట్టనివ్వమంటావా?" అని అత్తయ్య పట్టు. తీసేది రెండు మిల్లీమీటర్ల ముక్కేనని, చుట్టుపక్కల కణాలు దాన్ని పూడ్చుకుంటాయని బొమ్మ గీసి చూపించాను. "నువ్వేమైనా డాక్టరువా?" అంది. గౌతమిలో మూడు టిక్కెట్లు తీశాం. మూడోది ఆవిడకే; అదే మాట డాక్టరుగారినే అడుగుతుందట.